గ్యాస్ మాత్ర అణచివేసేది దేన్ని? కడుపులోని ఆమ్లం కథ

విజయనగరం జిల్లాలో వరి నాట్లు ముమ్మరంగా సాగే శ్రావణ మాసంలో, సాయంత్రం ఏడు దాటాక ఏ మండల కేంద్రంలోని మందుల దుకాణం ముందు నిలబడినా ఒక దృశ్యం కనబడుతుంది. రోజంతా బురదలో నడుము వంచి నాట్లు వేసి వచ్చిన ఆడమనిషి కొంగుముడి విప్పి, నలిగిన నోటు బల్ల మీద పెట్టి నొప్పులకు మందు అడుగుతుంది. దుకాణంలోని కుర్రవాడు రెండు మూడు అట్టల నుంచి ఒక్కో మాత్ర కత్తెరతో కత్తిరించి, చిన్న కాగితంలో పొట్లం కట్టి ఇస్తాడు. ఆమె ఆ పొట్లాన్ని అక్కడే విప్పి, వేలితో మాత్రలు లెక్కపెట్టుకుని, "గేసు మాత్ర ఎయ్యనేదేటి బాబూ?" అని అడుగుతుంది. అప్పుడతను ఇంకొక అట్ట అందుకుంటాడు. ఆ మాత్ర లోపలికి వెళ్లి ఏం చేస్తుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. నొప్పి మాత్ర పక్కన గ్యాస్ మాత్ర ఉండాలన్నది అన్నం పక్కన కూర ఉండాలన్నంత సహజమైన విషయంగా మన ఊళ్లలో స్థిరపడిపోయింది.

ఇరవై రెండేళ్లుగా ఈ జిల్లాలోనే ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతున్నాను. జీర్ణాశయంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఊరుతుందనీ, అది జీర్ణక్రియకు సాయపడుతుందనీ పదో తరగతి పిల్లలు తడుముకోకుండా రాస్తారు. ఆ పిల్లలే ఇంటికి వెళ్లి, అదే ఆమ్లాన్ని రోజూ మాత్రతో అణచివేస్తున్న అమ్మానాన్నలను, తాతమ్మలను చూస్తారు. పాఠానికీ ఇంటికీ మధ్య ఉన్న ఈ ఎడమే నన్ను ఈ వ్యాసానికి పురిగొల్పింది. నేను వైద్యుణ్ణి కాను. ఇక్కడ చెప్పేది శరీర ధర్మం, మందులు పనిచేసే తీరు. ఎవరికి ఏ మందు కావాలో తేల్చవలసింది వైద్యులే.

ముందుగా "గ్యాస్" అన్న మాటను విడదీయాలి, ఎందుకంటే చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఛాతీ మధ్యలో మంట పుట్టి పుల్లటి నీరు గొంతులోకి ఎగదన్నితే గ్యాస్ అంటాం. భోజనం తరువాత పొట్ట ఉబ్బరించినా, ఆగకుండా తేన్పులు వచ్చినా, పరగడుపున కడుపులో మెలిపెట్టినా, వీపు పట్టేసినా, చివరకు ఎడమ చెయ్యి లాగినా అదే మాట అంటాం. వీటిలో మొదటిది ఆమ్లం పైకి రావడం వల్ల కలిగేది. పొట్ట ఉబ్బరం ఎక్కువగా పెద్దపేగులోని సూక్ష్మజీవులు అరగని పిండిపదార్థాలను పులియబెట్టడం వల్ల పుట్టే వాయువుకు సంబంధించినది. తేన్పు చాలావరకు మనం తిండితో, మాటలతో మింగిన గాలి. పరగడుపు నొప్పి పుండు వల్ల కావచ్చు. ఎడమ చెయ్యి లాగడం గుండె రక్తనాళం మూసుకుపోతోందన్న సంకేతం కావచ్చు. ఇన్ని వేర్వేరు బాధలకు ఒకే పేరు పెట్టుకున్నాం కాబట్టి ఒకే మాత్ర సరిపోతుందనుకుంటున్నాం.

అసలు ఆమ్లం ద్రవం, వాయువు కాదు. ఈ సంగతిని తరగతిలో నోటితో చెప్పడం కన్నా చూపించడం మేలని, ఏటా ఒక గాజు గ్లాసులో నిమ్మరసం పిండి, అందులో చెంచాడు వంటసోడా వేయిస్తాను. బుస్సుమని నురగ పైకి పొంగి, గ్లాసు అంచు దాటి బల్ల మీద పారుతుంది. ముందు వరసలోని పిల్లలు వెనక్కి జరుగుతారు. నురగ అణిగాక మిగిలిన నీటిని నాలుక మీద వేసుకుంటే పులుపు బాగా తగ్గి, ఉప్పుగా తగులుతుంది. ఆమ్లం, సోడా కలిసి లవణం, నీరు, కార్బన్ డయాక్సైడ్ వాయువుగా మారాయన్న మాట. కడుపు బరువుగా ఉన్నప్పుడు నీటిలో కలుపుకుని తాగే సోడా పొడి కడుపులో చేసే పని కూడా ఇదే. తాగిన నిమిషంలో పెద్ద తేన్పు వస్తుంది, "గ్యాస్ పోయింది" అనుకుంటాం. అప్పుడు పోయిన వాయువులో ఎక్కువ భాగం ఆ పొడి పుట్టించినదే. మంట తగ్గడం మాత్రం నిజం, కాసేపటి వరకు.

కడుపులో జరిగేదాన్ని మనిషి కళ్లారా చూడగలిగింది ఒక ప్రమాదం వల్ల. 1822 జూన్ 6న అమెరికాలోని మాకినాక్ దీవిలో, బొచ్చు తోళ్ల వ్యాపారంలో కూలిగా పనిచేస్తున్న అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి దగ్గర నుంచి తుపాకీ గుండు దెబ్బ తగిలింది. సైనిక వైద్యుడు విలియం బ్యూమాంట్ అతణ్ణి బతికించాడు గానీ, కడుపుకు పడిన రంధ్రం మూసుకుపోకుండా చర్మానికి అతుక్కుని అలాగే ఉండిపోయింది. ఆ రంధ్రం గుండా బ్యూమాంట్ పట్టుదారానికి మాంసం ముక్కలు, రొట్టె ముక్కలు కట్టి లోపలికి వదిలి, గంటకోసారి పైకి లాగి ఎంత కరిగాయో చూశాడు. జఠరరసాన్ని బయటకు తీసి సీసాలో పోసి, వెచ్చగా ఉంచి, అందులోనూ మాంసం కరుగుతుందని నిరూపించాడు. కాబట్టి అరగడమంటే కడుపు రుబ్బడం ఒక్కటే కాదు, రసాయనిక క్రియ కూడా అని తేలింది. సెయింట్ మార్టిన్‌కు కోపం వచ్చినప్పుడు జీర్ణక్రియ దెబ్బతింటోందని కూడా ఆయన గమనించాడు. 1833లో ఈ పరిశీలనలన్నీ పుస్తకంగా వెలువడ్డాయి. ఇంతటి జ్ఞానం ఒక పేద కూలీని ఏళ్ల తరబడి నౌకరుగా కట్టిపెట్టుకుని, అతని శరీరాన్ని పనిముట్టుగా వాడుకోవడం వల్ల వచ్చిందన్న విషయం చెప్పినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. ఆ ఆమ్లం హైడ్రోక్లోరిక్ ఆమ్లమేనని 1824లో ఇంగ్లండుకు చెందిన విలియం ప్రౌట్ ప్రకటించాడు. మాంసకృత్తులను తెగ్గొట్టే పెప్సిన్‌ను 1836లో థియోడర్ ష్వాన్ గుర్తించాడు.

ఇక ఆ ఆమ్లం తయారయ్యే తీరు. జీర్ణాశయపు లోపలి గోడలో లక్షలాది సన్నని గుంతలుంటాయి. వాటి పొడవునా అమరి ఉన్న ఒక రకం కణాలు ఆమ్లాన్ని ఊరిస్తాయి. ఆ కణం పొర మీద ఉండే ప్రొటీన్ యంత్రాన్ని ప్రోటాన్ పంపు అంటారు. అది లోపలి నుంచి హైడ్రోజన్ అయానును బయటకు తోసి, బదులుగా పొటాషియం అయానును లోపలికి తీసుకుంటుంది. మెట్ట పొలంలో మోటారు పల్లం నుంచి మెరకకు నీళ్లు ఎక్కించినట్టే, ఈ పంపు హైడ్రోజన్ అయాన్లను తక్కువగా ఉన్న చోటి నుంచి పది లక్షల రెట్లకు పైగా కిక్కిరిసి ఉన్న చోటికి తోయాలి. దానికి అపారమైన శక్తి కావాలి. అందుకే ఆ కణాల నిండా శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు ఉంటాయి. ఇలా రోజుకు ఒకటిన్నర నుంచి రెండు లీటర్ల జఠరరసం ఊరుతుంది. పులుపును కొలిచే అంకెను పీహెచ్ అంటారు, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఘాటు పెరుగుతుంది. మన రక్తపు పీహెచ్ 7.4 దగ్గర ఉంటే, ఖాళీ కడుపులోని రసం పీహెచ్ 1 నుంచి 2 మధ్య ఉంటుంది. చింతపండు పులుసు గానీ, నిమ్మరసం గానీ దీనికన్నా పుల్లనివి కావు.

ఈ పంపులు ఎల్లవేళలా ఒకే తీరున తిరగవు. పోపు వాసన ముక్కుకు తగలగానే మెదడు నుంచి వేగస్ నాడి ద్వారా కబురు అందుతుంది. తిండి కడుపులో పడ్డాక గ్యాస్ట్రిన్ అనే హార్మోను రక్తంలోకి విడుదలవుతుంది. ఈ రెండూ కలిసి హిస్టమిన్ అనే పదార్థాన్ని పురమాయిస్తాయి. మూడూ చేరి పంపులను మేల్కొల్పుతాయి. ఈ వరస గుర్తుంచుకోవాలి. మందులన్నీ ఇందులో ఎక్కడో ఒక చోట అడ్డుపడేవే.

ఇంత ఘాటైన ఆమ్లం మాంసాన్ని కరిగిస్తూ, తానున్న గోడనెందుకు కరిగించదు? ఆ గోడ మీద జిగురు పొర ఒకటి పరచుకుని ఉంటుంది. దాని కిందనున్న కణాలు వంటసోడాలోని క్షారమైన బైకార్బనేట్‌నే సహజంగా స్రవిస్తాయి. అందువల్ల జిగురు పైభాగాన ఆమ్లం మండుతున్నా, అడుగున కణాల దగ్గరికి వచ్చేసరికి దాదాపు తటస్థంగా మారిపోతుంది. అయినా దెబ్బతినే కణాలు ఉంటాయి కాబట్టి, గోడ పైపొర కొద్ది రోజులకొకసారి కొత్తదైపోతూ ఉంటుంది. ఈ రక్షణ మొత్తాన్ని నడిపేవి ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు. ఒంటి నొప్పుల్లో, వాపుల్లో పాత్ర వహించేవి కూడా అవే. ఆస్పిరిన్ వంటి మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపడం ద్వారానే నొప్పిని తగ్గిస్తాయని 1971లో జాన్ వేన్ నిరూపించాడు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ పనిచేసేదీ అలాగే. అంటే నడుము నొప్పి తగ్గించే క్రమంలోనే ఆ మాత్ర కడుపు గోడ మీది కాపలాను కూడా పలచన చేస్తుంది. నాట్ల కాలంలో పొట్లం కట్టే ఆ కుర్రవాడి అలవాటుకు మూలం ఇక్కడుంది. పారాసెటమాల్‌కు మాత్రం కడుపు మీద ఇలాంటి ప్రభావం దాదాపు లేదు. అయినా దాని పక్కన కూడా గ్యాస్ మాత్ర చేరుతూనే ఉంది.

కాపలాను దెబ్బతీసే రెండో కారణం ఒక బాక్టీరియా. "ఆమ్లం లేనిదే పుండు లేదు" అన్న మాట 1910లో కార్ల్ ష్వార్జ్ చెప్పినది. ఆ తరువాత డెబ్బయ్యేళ్ల పాటు పుండుకు కారణాలుగా ఆమ్లాన్ని, కారాన్ని, మానసిక ఆందోళనను నిందించారు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే ఇద్దరు వైద్యులు రోగుల కడుపు పొర ముక్కల్లో వంకర తిరిగిన బాక్టీరియాను పదే పదే చూశారు. 1982లో ఈస్టర్ సెలవుల వల్ల ప్రయోగశాలలో పళ్లేలు మామూలు కన్నా ఎక్కువ రోజులు ఉండిపోవడంతో అది తొలిసారి పెరిగి కంటబడింది. అదే హెలికోబాక్టర్ పైలోరి. అది యూరియాను అమ్మోనియాగా మార్చి, తన చుట్టూ ఆమ్లాన్ని చల్లార్చుకుంటూ జిగురు పొరలోకి దూరిపోతుంది. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ బాక్టీరియా ద్రావణాన్ని తానే తాగి కడుపువాపు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఇది కడుపులో ఉన్నవారందరికీ పుండు రాదు, కానీ పుండు ఉన్నవారిలో ఇది ఉందని తేలితే మూడు నాలుగు మందుల కలయికతో దాదాపు రెండు వారాల్లో నిర్మూలించవచ్చు. ఏళ్ల తరబడి "అల్సర్ మనిషి" అన్న ముద్రతో బతకనక్కర లేదు. ఈ బాక్టీరియా ఉందో లేదో చూసే పరీక్షకు ముందు రెండు వారాలు గ్యాస్ మాత్ర ఆపమని వైద్యులు చెబుతారు, ఎందుకంటే ఆ మాత్ర బాక్టీరియాను అణచి, ఉన్నా లేనట్టు ఫలితం చూపించగలదు.

ఇంతవరకూ ఆమ్లం వల్ల వచ్చే ఇబ్బందులు. అది మనకు చేసే మేలు దగ్గర ఒక పొరపాటు సరిదిద్దుకోవాలి. ఆమ్లం లేకపోతే అన్నమే అరగదని అనుకుంటారు, నిజం అది కాదు. ఆమ్లం ప్రొటీన్ల ముడతలను విప్పుతుంది, నిద్రాణంగా ఉన్న పెప్సిన్‌ను చురుకుగా చేస్తుంది; అయినా ప్రొటీన్లను చివరంటా తెగ్గొట్టే పని చిన్నపేగులో క్లోమరసానిదే. ఆమ్లం కలిసిన ముద్ద చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలోకి దిగగానే సెక్రెటిన్ అనే హార్మోను వెలువడి, క్లోమం నుంచి క్షారాన్ని రప్పించి ఆ పులుపును విరిచేస్తుంది. 1902లో బేలిస్, స్టార్లింగ్ అనే శాస్త్రవేత్తలు కనుగొన్న ఈ సెక్రెటిన్‌తోనే హార్మోన్ అన్న భావన మొదలైంది. ఆమ్లం బొత్తిగా ఊరనివారు కూడా తిన్నది చాలావరకు అరిగించుకోగలరు. మరి ఇంత శక్తి వెచ్చించి శరీరం ఈ ఆమ్లాన్ని ఎందుకు ఊరిస్తున్నట్టు?

మొదటి సమాధానం, కాపలా. మనం తినే ప్రతి ముద్దతో, తాగే ప్రతి గ్లాసుతో సూక్ష్మజీవులు లోపలికి వెళ్తూనే ఉంటాయి. ఈ ఆమ్లపు మడుగులో వాటిలో ఎక్కువ భాగం చచ్చిపోతుంది. దీని బలం ఎంతో కలరా పరిశోధనల్లో తేలింది: ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు జబ్బు తెప్పించడానికి కోట్లాది, ఒక్కోసారి వేల కోట్ల క్రిములు కావలసి రాగా, ముందుగా సోడా ఇచ్చి ఆమ్లాన్ని విరిచేస్తే వేలూ లక్షల్లో క్రిములే చాలాయి. మన ప్రాంతానికి ఇది పుస్తకాల సంగతి కాదు. 2024 అక్టోబరులో మన జిల్లాలోని గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. అక్కడ తప్పు తాగునీటిది, కడుపులది కాదు. కలుషితమైన నీటిలో క్రిముల మోతాదు మించిపోతే ఎంత ఆమ్లమైనా ఆపలేదు. కానీ నీరు కలుషితమయ్యే వానాకాలంలోనే, నాట్ల నొప్పుల పేరుతో, ఉన్న ఆ ఒక్క లోపలి గోడను మనం చేతులారా కూల్చుకుంటున్నాం. ఆమ్లాన్ని గట్టిగా అణచే మందులు వాడేవారిలో పేగు అంటువ్యాధులు ఎక్కువగా కనబడుతున్నట్టు అనేక దేశాల పరిశీలనలు చెబుతున్నాయి.

రెండోది ఇనుము. ఉత్తరాంధ్ర ఇళ్లలో చోడి (రాగి) అంబలికి ఉన్న స్థానం చెప్పనక్కర లేదు. ఎండ ఎక్కకముందే గిన్నెడు అంబలి, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయతో పొలానికి వెళ్లినవాళ్లు మధ్యాహ్నం దాకా నిలబడేవారు. చోళ్లలో, ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఇనుము మాంసంలోని ఇనుమంత సులువుగా ఒంటబట్టదు. అది ఆమ్లంలో కరిగి, పేగు పీల్చుకోగల రూపానికి మారాలి. గింజల్లోని ఫైటేట్లనే పదార్థాలు దాన్ని పట్టి ఉంచుతాయి. పులియబెట్టినప్పుడు ఆ ఫైటేట్లు కొంత తెగిపోతాయి కాబట్టి, రాత్రి నానబెట్టి పులిసిన అంబలి తాగే మన పెద్దల పద్ధతిలో సారం ఉంది. దానికి నిమ్మకాయో, ఉసిరికాయో తోడైతే ఇంకా మంచిది. భోజనం కాగానే తాగే టీ మాత్రం ఇనుమును అడ్డగిస్తుంది. రక్తహీనత ఇప్పటికే ఎక్కువగా ఉన్న ఆడవారికి ఒక చేత్తో ఇనుము మాత్రలు, ఇంకో చేత్తో నెలల తరబడి ఆమ్లాన్ని అణచే మాత్రలు అందించడం నీళ్లు తోడుతూనే బానకు చిల్లు పెట్టడం లాంటిది. కాల్షియం కార్బనేట్ మాత్రలకూ కరగడానికి ఆమ్లం కావాలి, అందుకే వాటిని భోజనంతో కలిపి వేసుకోమంటారు.

మూడోది బి12. మాంసం, చేపలు, గుడ్లు, పాలలోని బి12 ప్రొటీన్లకు అంటుకుని ఉంటుంది. ఆమ్లం, పెప్సిన్ దాన్ని విడదీయాలి. ఆమ్లాన్ని ఊరించే ఆ కణాలే ఇంకొక పదార్థాన్ని కూడా తయారు చేస్తాయి. అది తోడుంటేనే చిన్నపేగు చివర్లో బి12 లోపలికి పోతుంది. ఈ విటమిను కాలేయంలో ఏళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి లోటు వెంటనే తెలియదు. అరికాళ్ల తిమ్మిర్లు, నడకలో తూలు, మతిమరుపు, రక్తహీనత మెల్లగా వస్తాయి. వయసు వల్ల వచ్చాయనుకుని వదిలేస్తాం.

ఇక మందుల దగ్గరికి వద్దాం. 1976లో బ్రిటన్‌లో వాడుకలోకి వచ్చిన సిమెటిడిన్, తరువాత వచ్చిన రానిటిడిన్, ఫామోటిడిన్ హిస్టమిన్ కబురు కణానికి అందకుండా చేస్తాయి. సిమెటిడిన్ వెనుకనున్న జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ వచ్చింది. మన దుకాణాల్లో ఏలిన రానిటిడిన్‌ను, అందులో క్యాన్సర్ కారకం కాగల మలిన పదార్థం పుడుతోందన్న ఆందోళన తరువాత, 2022లో భారత అత్యావశ్యక మందుల జాబితా నుంచి తీసేశారు. 1980ల చివర్లో వచ్చిన ఒమెప్రజోల్, ఆ కుటుంబానికే చెందిన పాంటాప్రజోల్, రాబెప్రజోల్, ఎసోమెప్రజోల్ నేరుగా ప్రోటాన్ పంపునే పట్టుకుంటాయి. నేడు గ్యాస్ మాత్ర అంటే చాలావరకు ఇవే.

వీటి పనితీరు నిజంగా అద్భుతం. మాత్ర కడుపులో కరగదు, కరిగితే ఆమ్లానికి పాడైపోతుంది కాబట్టి పైన పూత ఉంటుంది. అందుకే దాన్ని నూరి గానీ కొరికి గానీ వేసుకోకూడదు. పేగులో కరిగి, రక్తంలో కలిసి, తిరిగి కడుపు గోడలోని ఆ కణాలకు చేరి, అక్కడ ఆమ్లం తగిలాకే అసలు మందుగా మారి పంపుకు విడదీయరానంతగా అతుక్కుంటుంది. రక్తంలో మందు ఒకటి రెండు గంటల్లో సగానికి తగ్గిపోయినా, పట్టుబడిన పంపు ఇక లేవదు, శరీరం కొత్త పంపును తయారు చేసుకోవలసిందే. అయితే పనిచేస్తున్న పంపునే అది పట్టగలదు, నిద్రపోతున్న పంపును పట్టలేదు. తిండితో పంపులు మేల్కొనే వేళకు మందు రక్తంలో సిద్ధంగా ఉండాలి. కాబట్టి తినడానికి అరగంట నుంచి గంట ముందు వేసుకుంటేనే దాని ఫలం పూర్తిగా దక్కుతుంది. పూర్తి ప్రభావానికి మూడు నాలుగు రోజులు పడుతుంది గనుక, పెళ్లి భోజనం చేసి వచ్చి మంటగా ఉందని అప్పటికప్పుడు ఒకటి మింగితే దాని వల్ల ఒరిగేది కొద్దే.

ఈ మందు నిజంగా అవసరమైనవారు ఉన్నారు, వారి విషయంలో అది ప్రాణదాత: పుండు ఉన్నవారు, పుండు నుంచి రక్తస్రావమైనవారు, ఆహారవాహిక ఆమ్లానికి ఒరుసుకుపోయినవారు, గుండెకు స్టెంటు వేయించుకుని రక్తం పలచబరిచే మందులు వాడుతున్నవారిలో అనేకులు, వృద్ధాప్యంలో నొప్పి మాత్రలు తప్పనివారు. ఈ వ్యాసం చదివి వీరిలో ఎవరైనా మాత్ర మానేస్తే నేను చేసిన మేలు కన్నా కీడే ఎక్కువవుతుంది. కానీ ఏ కడుపు జబ్బూ లేని పాతికేళ్ల మనిషి రెండు రోజుల జ్వరానికి పారాసెటమాల్ వేసుకుంటే దానికి తోడుగా ఇది అవసరం లేదు. ఏళ్ల తరబడి వాడితే మెగ్నీషియం తగ్గవచ్చునని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011లోనే హెచ్చరించింది. బి12, పేగు అంటువ్యాధుల మాట పైన చెప్పుకున్నాం.

మూత్రపిండాల మాట విడిగా చెప్పాలి, ఎందుకంటే మా పక్కనే ఉద్దానం ఉంది. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుదేలు చేసిందో అందరికీ తెలుసు. దాని మూలకారణం ఇదీ అని ఇంకా తేలలేదు. గ్యాస్ మాత్రలే దానికి కారణమని అనడం తప్పు. అయితే ఈ మాత్రల వల్ల అరుదుగా కొందరికి మూత్రపిండాల్లో వాపు రావడం వైద్యులకు బాగా తెలిసిన విషయమే. దీర్ఘకాలం వాడేవారిలో కిడ్నీ జబ్బు కొంత ఎక్కువగా కనబడుతున్నట్టు 2016 నుంచి వచ్చిన పరిశీలనలు చెబుతున్నా, మందే కారణమని అవి రుజువు చేయలేదు. ఇంతకన్నా సూటిగా పట్టించుకోవలసింది ఒకటుంది. గ్యాస్ మాత్ర నొప్పి మాత్ర నుంచి కడుపును కాపాడుతుందే తప్ప, మూత్రపిండాలను కాపాడదు. ఎండలో చెమటోడ్చి, నీళ్లు చాలక ఒళ్లు ఎండిన స్థితిలో డైక్లోఫెనాక్ పడితే మూత్రపిండాలకు రక్తం అందడం తగ్గుతుంది; పక్కన గ్యాస్ మాత్ర ఉన్నంత మాత్రాన ఆ ముప్పు తప్పదు. "గేసు మాత్ర ఏసుకున్నాను కదా" అన్న ధీమాతో నొప్పి మాత్రలు రోజూ మింగడం ఉద్దానంలోనే కాదు, ఎక్కడైనా ప్రమాదమే. ఇక గులాబీ రంగు గ్యాస్ మందు సీసాలలో చాలావాటిలో అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి; వాటిని బయటకు పంపవలసినవి మూత్రపిండాలే కనుక, ఆ జబ్బు ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా ఆ సీసా ముట్టుకోకూడదు.

మందు లేకుండా చేయగలిగినది ఏమైనా ఉందా అంటే, ఛాతీ మంట విషయంలో చాలా ఉంది. ఆహారవాహిక కొసన ఉండే కండరపు కట్టు సడలినప్పుడు ఆమ్లం పైకి వస్తుంది. ఆ ఆమ్లం మోతాదు మామూలుగానే ఉండవచ్చు, చేరిన చోటే తప్పు. ఆహారవాహికకు కడుపులాంటి జిగురు కవచం లేదు కాబట్టి మండుతుంది. రాత్రి తొమ్మిదిన్నరకు కడుపునిండా తిని పదింటికి వాలిపోతే, నిలబడినప్పుడు కిందికి జారవలసినది పక్కకు ఒరుగుతుంది. పడుకోవడానికి మూడు గంటల ముందే తినడం, మంచం తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టడం, ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం, నడుము బరువు తగ్గించుకోవడం, బీడీ, చుట్ట మానడం చాలామందికి పనికివస్తాయి. రెండు తలగడలు పెట్టుకుంటే పొట్ట మడతపడి మేలు జరగదు, మంచమే వాలుగా ఉండాలి. మిరపకాయ ఆమ్లాన్ని పెంచదు, పుండునూ పుట్టించదు. అందులోని క్యాప్సైసిన్ వేడిని పసిగట్టే నరాలను తట్టి మంట పుట్టిస్తుంది. ఒరుసుకుపోయిన చోట ఆ మంట ఎక్కువ. పాలు తాగితే కాసేపు హాయిగా ఉన్నా, అందులోని ప్రొటీను, కాల్షియం మళ్లీ ఆమ్లాన్ని ఊరిస్తాయి.

ముద్ద దిగడం కష్టమైనా, విరేచనం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, యాభై దాటాక కొత్తగా మంట మొదలైనా మాత్రలతో కాలయాపన చేయకుండా ఎండోస్కోపీ చేసే వైద్యుణ్ణి కలవాలి. చెమటలు పోస్తూ ఛాతీ బిగపట్టి, నొప్పి దవడకో భుజానికో పాకితే, దాన్ని గ్యాస్ అని పిలవకుండా 108కి ఫోన్ చేసి ఈసీజీ తీయించుకోవాలి. చక్కెర జబ్బు ఉన్నవారిలో, ఆడవారిలో గుండెపోటు అచ్చం అజీర్తిలా రావచ్చు. సోడా తాగి తేన్పు కోసం ఎదురుచూస్తూ పోగొట్టుకున్న గంటలో మా వీధిలోనే ఒక పెద్దాయన పోయారు.

మా అమ్మ సంగతి చెప్పి ముగిస్తాను. మోకాళ్ల నొప్పులకని మాత్రలు రాసినప్పుడు, వాటికి తోడుగా పాంటాప్రజోల్ రాశారు. అది సరైన నిర్ణయమే, అప్పటికి ఆమెకు అరవై ఆరేళ్లు. రెండేళ్లకు నొప్పి మాత్రలు ఆపేశారు, కానీ తోడు వచ్చింది మాత్రం ఆగలేదు. ఆపమని ఎవరూ చెప్పలేదు, అడగాలని జీవశాస్త్రం చెప్పే నాకూ తోచలేదు. మరో ఏడేళ్ల పాటు ఇడ్లీ తిన్న తరువాత, అంటే వేసుకోకూడని వేళలో, రోజుకొకటి వేసుకుంది. అరికాళ్లు దూది మీద పెట్టినట్టు ఉంటున్నాయని అన్నప్పుడు పరీక్ష చేయిస్తే బి12 బాగా తక్కువగా ఉంది. నాన్న పోయాక ఆమె చేపలు, గుడ్లు కూడా మానేసింది కాబట్టి, లోటులో తిండి వాటా ఎంతో, మాత్ర వాటా ఎంతో విడదీయలేం.

వైద్యుడి సలహా అడగకుండా ఆ మాత్రను ఒక్కసారిగా ఆపేశాను. మూడో రోజుకల్లా మునుపెన్నడూ లేనంత మంట. "చూశావా, నాకు జబ్బు ఉంది" అంది అమ్మ. అది జబ్బు కాదు. ఆమ్లాన్ని చాలాకాలం అణచి ఉంచితే శరీరం గ్యాస్ట్రిన్‌ను పెంచుకుని, ఆమ్లాన్ని ఊరించే ఏర్పాట్లు ఎక్కువ చేసుకుంటుంది. మాత్ర ఆపగానే అదంతా ఒక్కసారిగా పైబడుతుంది. 2009లో వెలువడిన ఒక డెన్మార్క్ పరిశోధనలో, ఏ కడుపు జబ్బూ లేని 120 మందిని తీసుకుని సగం మందికి ఎనిమిది వారాల పాటు ఎసోమెప్రజోల్ ఇచ్చి ఆపితే, వారిలో 44 శాతం మందికి మంట, పులితేన్పులు వంటి బాధలు వచ్చాయి. ఉత్తుత్తి మాత్రలు వాడినవారిలో 15 శాతం మందికే వచ్చాయి. మందు ఆపినందువల్ల వచ్చిన బాధను మందు అవసరానికి రుజువుగా భావించి, మళ్లీ మొదలుపెట్టేవారు ఎందరో.

రెండోసారి వైద్యుడు చెప్పినట్టు నడిచాం. మోతాదు సగం చేసి, ఇడ్లీకి అరగంట ముందుకు మార్చి, నెల తరువాత రోజు విడిచి రోజు, ఆ తరువాత మంట వచ్చినప్పుడు మాత్రమే ఒక చెంచా ద్రవ మందు. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టాను. రాత్రి భోజనం ఏడున్నరకు మారింది. బి12 సూదులు వేయించాం, గుడ్డు తినడానికి ఆమెను ఒప్పించడానికి మాత్రం వారం పట్టింది. మూడు నెలలకు మాత్ర పూర్తిగా ఆగింది. తిమ్మిరి పూర్తిగా పోలేదు, తగ్గింది. ఈ ఏడు దసరా తరువాత విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం చూడటానికి నా భుజం పట్టుకోకుండా కోట దాకా నడిచి వచ్చింది.